కారంచేడు చెరువూ, వజూ నీళ్ళూ

మొన్నీమధ్య మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో ఇస్లాం మీద పెద్ద చర్చ జరిగింది. చర్చంటే నిజంగా చర్చ కాదు లెండి. ఎవరికో వచ్చిన ఒక వాట్సాప్ ఫార్వర్డు, దాని మీద ఏడెనిమిది తీర్పులు. "వాళ్ళ పుస్తకంలోనే అలా ఉంది బాసూ" అని ఒకాయన. "వాళ్ళకి దేవుడికంటే మహమ్మదే ఎక్కువ" అని ఇంకొకాయన. "మక్కాలో వాళ్ళు మొక్కేది కూడా ఒక నల్లరాయికేగా" అని మూడో ఆయన. ఉండబట్టలేక నేనొక ప్రశ్న వేశాను. "సరేగానీ, ముస్లిం అన్నవాడు తప్పనిసరిగా చెయ్యాల్సినవి అయిదుంటాయి, అవేంటో ఎవరైనా చెప్తారా?" అని. నమాజు, రంజాను ఉపవాసం, ఈ రెండూ వెంటనే వచ్చాయి. మూడోది "హలీం" అన్నారెవరో. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

సీటు దగ్గరకొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఏదైనా ఒక కొత్త ఫ్రేమ్‌వర్క్ గురించి డాక్యుమెంటేషన్ మొదటి పేజీ కూడా చదవకుండా "అది చెత్త" అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? "ముందు చదివి రా నాయనా" అంటాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో 17 కోట్ల పైచిలుకు మంది పాటించే మతం గురించి మాత్రం ఏ పేజీ చదవకుండానే అందరం ఆర్కిటెక్టులమే.

ఈ విషయం మీద రాయడానికి నాకింకో కారణం కూడా ఉంది. మాది చీరాల వైపు. ఊరెక్కడని అడిగిన వాళ్ళకి "కారంచేడు దగ్గర" అంటే హైదరాబాద్‌లో అయినా, అమెరికాలో అయినా వచ్చే మాట ఒకటే. "ఓ, రామానాయుడు గారి ఊరు కదా!" నిజమే, నిర్మాత రామానాయుడు గారి సొంతూరు అదే. కానీ కారంచేడు అనగానే 1985 గుర్తొచ్చేవాళ్ళు మన ఐటీ జనంలో ఎంతమంది ఉన్నారు?

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. 1985 జులై 16 సాయంత్రం. ఊళ్ళో మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళ చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు బర్రెలకు కుడితి పెట్టిన బక్కెట్లు కడుగుతుంటే, "అవి మేము తాగే నీళ్ళు" అని ఒక దళిత కుర్రాడు అడ్డు చెప్పాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకోసం వచ్చిన ఒకావిడ బిందె ఎత్తి అడ్డుకుంది. అంతే. మర్నాడు, జులై 17 పొద్దున, గుంపుగా వెళ్ళి పల్లె మీద పడ్డారు. పొలాల్లో తరిమి తరిమి ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల పారిపోయి అక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత, సాక్షిగా నిలబడ్డ ఒక ముసలావిడని కూడా చంపేశారు. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోంచే. కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. సుప్రీం కోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు!

నేను దళితుణ్ణి కాను. ముస్లింనీ కాను. ఆ బక్కెట్లు కడిగిన వైపు కులంలోనే పుట్టాను. మా నాయనమ్మ ఎంతో మంచి మనిషి, ఆకలన్న వాడికి అన్నం పెట్టకుండా పంపేది కాదు. కానీ పొలం పనికొచ్చిన మాదిగ కూలీలకు దాహమేస్తే చెంబు చేతికివ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఎత్తునుంచి దోసిట్లో పోసేది. అది నాకు తప్పుగా కనపడలేదు, అసలు కనపడనే లేదు.

ఇస్లాం గురించి మాట్లాడుతూ ఇదంతా ఎందుకంటారా? కారంచేడులో గొడవ నీళ్ళ దగ్గర మొదలైంది. ముస్లిం రోజు మొదలయ్యేది కూడా నీళ్ళ దగ్గరే. నేను చెప్పదలుచుకున్నది ఇదీ: నీళ్ళ దగ్గర, వరసలో, పళ్ళెం దగ్గర నా పక్కన ఎవరుండొచ్చు అన్న ప్రశ్నకి ఇస్లాం మౌలిక ఆచారాలు ఒక స్పష్టమైన జవాబిచ్చాయి. ఆ మతాన్ని తిట్టేవాళ్ళు ఆ జవాబుని చూడరు. పొగిడేవాళ్ళు దాన్ని పూర్తిగా పాటించరు. దాన్ని నమ్మి ఆ గడప తొక్కిన దళితుడికి మన ప్రభుత్వం జరిమానా వేస్తుంది. ఒక్కొక్కటే చెప్తాను.

ముందు నమ్మకాలు. ముస్లిం నమ్మాల్సినవి ముఖ్యంగా ఆరు. ఒకే దేవుడు, ఆయన దూతలు, ఆయన పంపిన గ్రంథాలు, ప్రవక్తలు, తీర్పు దినం, విధి. "అల్లా" అంటే ముస్లింలకు మాత్రమే ఉన్న వేరే దేవుడి పేరు కాదు, అరబ్బీలో దేవుడనే అర్థం. అరబ్ దేశాల్లో క్రైస్తవులు కూడా ప్రార్థనలో అల్లా అనే అంటారు. ఆ దేవుడికి రూపం లేదు, సంతానం లేదు, సాటి లేరు. ఆయనకి సాటి కల్పించడమే అన్నిటికంటే పెద్ద పాపం.

ప్రవక్తల వరసలో ఆదాము, నోవా, ఇబ్రహీం, మూసా, ఈసా అందరూ ఉన్నారు. ఈసా అంటే ఏసుక్రీస్తే. ఆయన కన్య మర్యమ్‌కి పుట్టాడని ఖురాన్ కూడా చెప్తుంది. మర్యమ్ పేరుతో ఒక సూరా, అంటే అధ్యాయమే ఉంది. కాకపోతే ఆయన ప్రవక్తే గానీ దేవుడి కొడుకు కాదంటుంది. ఆ వరసలో చివరివాడు మహమ్మద్. 570 ప్రాంతంలో మక్కాలో పుట్టి, నలభయ్యో ఏట 610లో మొదటి దైవవాణి విన్నాడని, ఆ తర్వాత ఇరవై మూడేళ్ళ పాటు విన్నదంతా కలిపితే 114 సూరాల ఖురాన్ అయిందని వాళ్ళ విశ్వాసం. 622లో మక్కా వదిలి మదీనా వెళ్ళారు, హిజ్రీ క్యాలెండరు అక్కణ్ణుంచే మొదలు. 632లో చనిపోయారు. ఆయన్ని గౌరవిస్తారు, ప్రేమిస్తారు, ఆ పేరు చెప్పగానే శాంతి కోరతారు. పూజించరు. పూజిస్తే అది ఇస్లామే కాదు. మా ఆఫీసులో రెండో తీర్పు ఇక్కడితో కొట్టేశాం.

నల్లరాయి సంగతి కూడా చూద్దాం. కాబా అనేది మక్కాలో ఉన్న చతురస్రపు కట్టడం. ప్రపంచంలో ఎక్కడున్నా నమాజుకి ముఖం అటు తిప్పాలి. మనకైతే అది పడమర. ఆ కట్టడం ఒక మూల పొదిగినది నల్లరాయి. రెండో ఖలీఫా ఉమర్ ఆ రాయిని ముద్దు పెట్టుకుంటూ, నువ్వు రాయివేనని నాకు తెలుసు, మేలూ చెయ్యలేవు కీడూ చెయ్యలేవు, ప్రవక్త చేశారు కాబట్టే చేస్తున్నా అన్న అర్థంలో మాట్లాడినట్టు హదీసుల్లో ఉంది. హదీసులంటే ప్రవక్త మాటలూ, చేతలూ, ఆయన సహచరుల జ్ఞాపకాలూ. ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి, కనీసం వాళ్ళేమనుకుంటున్నారో వాళ్ళ నోటితో వినాలి కదా.

ఇక అయిదు స్తంభాలు. మొదటిది షహాదా, మనవైపు కలిమా అంటారు. అల్లా తప్ప ఆరాధనకు అర్హుడు లేడని, మహమ్మద్ ఆయన ప్రవక్త అని మనస్ఫూర్తిగా సాక్ష్యం చెప్పడం. ఇస్లాంలో చేరడానికి అంతకుమించి తంతేమీ లేదు. ఏ పురోహితుడూ చెవిలో చెప్పక్కర్లేదు. నీ తాత ఎవరని అడగక్కర్లేదు.

రెండోది నమాజు. తెల్లవారకముందు ఫజర్, మధ్యాహ్నం జుహర్, పొద్దువాలుతుంటే అసర్, సూర్యాస్తమయం కాగానే మగ్రిబ్, రాత్రి ఇషా. శుక్రవారం మధ్యాహ్నం జుహర్ బదులు మసీదులో జుమా, దానికి ముందు ప్రసంగం. నమాజుకి ముందు వజూ చెయ్యాలి. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు కడిగి, తడిచేత్తో తల తుడుచుకుని, చీలమండల దాకా కాళ్ళు కడుక్కోవాలి. పెద్ద మసీదుల్లో దానికోసం నీళ్ళ హౌజు ఉంటుంది, చిన్నవాటిలో వరసగా కుళాయిలు.

ఒకసారి మా టీములో భాయ్‌తో కలిసి జుమాకి వెళ్ళాను. లోపలికి రావచ్చో లేదో అని గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే "రండన్నా, వెనకాల కూర్చోండి, ఎవరూ ఏమనరు" అన్నాడు. వజూ కుళాయిల దగ్గర మా బిల్డింగు సెక్యూరిటీ అతను, అతని పక్కన మా కంపెనీలోనే ఒక పెద్ద మేనేజరు. మేనేజరుగారి పాదాల మీది నీళ్ళు సెక్యూరిటీ అతని పాదాల కిందుగా కాలవలోకి పోతున్నాయి. ఎవరికీ పట్టలేదు. తర్వాత వరసలు కట్టారు. భుజానికి భుజం తగిలేలా నిలబడాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ముందొచ్చిన వాడిది ముందు వరస. మేనేజరు గారు ఫోన్ మాట్లాడి ఆలస్యంగా వచ్చారు కాబట్టి మూడో వరసలో సర్దుకున్నారు, సెక్యూరిటీ అతను మొదటి వరసలో ఉన్నాడు. సజ్దాలో ఆయన నుదురు ఎవరి మడమల వెనక ఆనిందో నేను కళ్ళారా చూశాను. ఆఫీసులో వాళ్ళిద్దరూ ఒక టేబుల్ దగ్గర కూర్చోరు, అది వేరే సంగతి. కానీ వారానికొకసారైనా, రోజుకి అయిదుసార్లైనా ఒక మతం మనిషి చేత బలవంతంగా ఈ పని చేయిస్తుంటే అది చిన్న విషయమా?

ఆ రోజు నాకు మా నాయనమ్మ చెంబు గుర్తొచ్చింది.

మూడోది జకాత్. ఖురాన్‌లో చాలాచోట్ల నమాజుతో పాటే దీని ప్రస్తావన వస్తుంది. దీన్ని దానం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఇది లెక్క. సుమారు 85 గ్రాముల బంగారం విలువ మించిన పొదుపు ఒక చాంద్రమాన సంవత్సరం మీ దగ్గర ఉంటే, అందులో రెండున్నర శాతం ఇచ్చెయ్యాలి. బంగారం కాక వెండి లెక్క తీసుకునేవాళ్ళకి ఆ పరిమితి ఇంకా తక్కువ. జీతం మీద కాదు, మిగిలినదాని మీద. ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు, బ్యాంకులో డబ్బు, బంగారం, వ్యాపారం సరుకు వస్తాయి. మీ దగ్గర ఇరవై లక్షలు మూలుగుతుంటే యాభై వేలు మీవి కావు. పేదలు, అప్పులపాలైనవాళ్ళు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు, ఇలా ఎనిమిది రకాల వాళ్ళకే ఇవ్వాలి. కన్నవాళ్ళకి, కడుపున పుట్టినవాళ్ళకి ఇస్తే చెల్లదు, వాళ్ళని ఎలాగూ పోషించాలి కాబట్టి. ముఖ్యమైన సంగతేంటంటే అది పేదవాడి హక్కు. ఇచ్చినవాడు ఫొటో దిగాల్సిన పని కాదు. మనలో ఎంతమందిమి సెక్షన్ 80జి రసీదు లేకుండా రెండున్నర శాతం ఇచ్చాం, చెయ్యెత్తండి. నా చెయ్యి కిందే ఉంది.

నాలుగోది రోజా. హిజ్రీ క్యాలెండరులో తొమ్మిదో నెల రంజాన్ అంతా, 29 లేదా 30 రోజులు, తెల్లవారకముందు సహరీ తిన్నాక సూర్యాస్తమయం దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. చాంద్రమాన సంవత్సరానికి ఉజ్జాయింపుగా 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం కలిపి సర్దడం లేదు. కాబట్టి ఒక్కో ఏడు మన గుంటూరు రోహిణీ కార్తె ఎండల్లోనే పడుతుంది. రోగులు, ప్రయాణికులు, గర్భిణులు తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ముసలితనం వల్ల అసలే చెయ్యలేనివాళ్ళు రోజుకొక పేదవాడికి అన్నం పెట్టాలి. ఇఫ్తార్ వేళకి మసీదులో పరిచిన గుడ్డ ముందు పక్కపక్కనే కూర్చుని, ఒకే పళ్ళెంలో ఖర్జూరం తీసుకుంటారు. పళ్ళెం ఎవరి ముందునుంచి వచ్చిందని చూడరు.

అయిదోది హజ్. ఆరోగ్యం, స్తోమత ఉన్నవాళ్ళు జీవితంలో ఒక్కసారి. జిల్‌హజ్ నెల ఎనిమిదో తేదీ నుంచి అయిదారు రోజులు. మగవాళ్ళు బట్టలు తీసేసి కుట్టులేని రెండు తెల్లగుడ్డలు చుట్టుకోవాలి, అదే ఇహ్రామ్. రాజుకైనా రిక్షావాడికైనా అదే. కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు, సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడక, తొమ్మిదో తేదీన అరాఫాత్ మైదానంలో నిలబడటం, మీనాలో రాళ్ళు విసరడం, ఖుర్బానీ. 632లో ప్రవక్త ఆ అరాఫాత్‌లోనే చివరి హజ్ ప్రసంగం చేస్తూ, అరబ్బుకి అరబ్బు కానివాడి మీద గానీ, తెల్లవాడికి నల్లవాడి మీద గానీ ఏ ఆధిక్యతా లేదు, దైవభీతిలో తప్ప, అన్న భావం చెప్పారంటారు. అంతకు రెండేళ్ళ ముందు మక్కా చేతికొచ్చినప్పుడు కాబా పైకెక్కి అజాన్ ఇచ్చింది బిలాల్ అనే హబ్షీ, ఒకప్పటి బానిస. తెల్లవాళ్ళంతా సైతానులని చెప్పుకుంటూ తిరిగిన అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్, 1964లో హజ్‌కి వెళ్ళి తెల్ల ముస్లింలతో ఒకే పళ్ళెంలో తిన్నాక తన అభిప్రాయం మార్చుకున్నాడు. అరవయ్యేళ్ళు దాటింది, ఇంకా చెప్పుకుంటున్నారు.

ఇదీ మౌలిక పాఠం. ఇందులో దాచిపెట్టిందేమీ లేదు. ఖురాన్‌ని చిలుకూరి నారాయణరావు గారు స్వాతంత్ర్యానికి ముందే తెలుగులోకి తెచ్చారు. ఆయన ముస్లిం కాదు, తెలుగు పండితుడు. ఆ కాలంలో ఒక బ్రాహ్మణ పండితుడికున్న కుతూహలం, చేతిలో ఇంటర్నెట్ ఉన్న మనకి లేకపోయిందే అన్నదే నా బాధ.

తిట్టేవాళ్ళకి చెప్పాల్సింది అయిపోయింది. ఇక పొగిడేవాళ్ళ దగ్గరకొద్దాం. "ఇస్లాంలో కులం లేదు" అని కరపత్రాల్లో రాస్తారు, సభల్లో చెప్తారు. పుస్తకంలో లేదు, నిజమే. మరి మన ఊళ్ళో?

మా వీధికి పరుపులు కుట్టే తాత ఒకాయన వచ్చేవాడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని. దూదేకుల వాళ్ళు, నూర్‌బాషాలంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. "తాతా, మీరు సాయిబులేగా, ఉర్దూ రాదా?" అని అడిగితే నవ్వి, "మేం సాయిబులమని మీరంటారు, కాదని సాయిబులంటారు, మధ్యలో మా పని మేం చేసుకుంటాం బాబూ" అన్నాడు. అప్పుడర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఉర్దూ మాట్లాడే కుటుంబాల్లో చాలామంది దూదేకుల వాళ్ళకి పిల్లనివ్వరని, పిల్లని తెచ్చుకోరని. బుర్రకథకే పర్యాయపదమైన షేక్ నాజర్ దూదేకుల ఇంటి బిడ్డే. ఆయన జీవితకథ పుస్తకం పేరే పింజారి. ఆ మాటని తిట్టుగా వాడేది మనమే, గుర్తు చేసుకోండి.

నమ్మకపోతే ప్రభుత్వ జాబితాలు చూడండి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వాళ్ళు బీసీ-బి లో ఉన్నారు. 2007లో తెచ్చిన బీసీ-ఇ జాబితాలో ధోబీ ముస్లింలు, హజాములు, ఫకీర్లు, అత్తర్ సాయిబులు వగైరా ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్, ఇరానీలని అందులోంచి మినహాయించారు. చాకలి, మంగలి, పైన విదేశీ వంశం చెప్పుకునేవాళ్ళు. ఈ నిచ్చెన ఎక్కడో చూసినట్టు లేదూ? ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ 1991లో ముస్లింగా పుట్టినందుకు అనుభవించే అనుమానాన్ని చెప్తే, ఆ తర్వాత వచ్చిన ముస్లింవాద రచయితల్లో చాలామంది లోపలి పేదరికాన్నీ, ఎక్కువతక్కువల్నీ, ఆడవాళ్ళ గోడునీ కూడా రాశారు. 2004లో స్కైబాబా తెచ్చిన వతన్ కథల సంకలనం ఒకటి చాలు చదవడానికి. ఇవన్నీ ముస్లింలే రాసుకున్నవి, ఏ ఫార్వర్డు ఫ్యాక్టరీలోనూ తయారైనవి కావు.

ఆ మక్కా ఉన్న సౌదీ అరేబియా బానిసత్వాన్ని చట్టంలో రద్దు చేసింది 1962లో. బిలాల్ అజాన్ ఇచ్చిన పదమూడు వందల ఏళ్ళకి పైన! గల్ఫుకి పోయి పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టిన కరీంనగర్, కడప కూలీలని అడగండి, వరసలో సమానత్వం పని దగ్గర ఎంత మిగిలిందో. ఆడవాళ్ళ సంగతికొస్తే, హజ్‌లో కాబా చుట్టూ ఆడా మగా కలిసే తిరుగుతారు. మన ఊళ్ళ మసీదుల్లో చాలాచోట్ల ఆడవాళ్ళకి నిలబడే చోటే ఉండదు. మతం అడ్డు చెప్పడం లేదని ముస్లిం పర్సనల్ లా బోర్డే 2020లో సుప్రీం కోర్టుకి చెప్పింది. ఒక్క ఊపులో మూడుసార్లు తలాక్ చెప్పే పద్ధతి చెల్లదని సుప్రీం కోర్టు 2017లో అనాల్సి వచ్చింది. అది ఖురాన్ చెప్పిన పద్ధతి కాదని ముందునుంచీ అంటున్న ముస్లిం ఆడవాళ్ళ మాట పెద్దలెవరూ వినకపోబట్టే కదా కోర్టు దాకా పోయింది.

అందుకని సమానత్వం అబద్ధమంటారా? నేననను. వరస నిజం. వరస విప్పాక ఎవరింటికి వాళ్ళు పోవడం కూడా నిజం. కరపత్రం రాసేవాళ్ళు రెండోది కూడా రాస్తే మొదటిదాని మీద నాకు ఇంకా గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు మూడో పార్టీ, ప్రభుత్వం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు. ఇస్లాంలోకో, క్రైస్తవంలోకో వెళితే హోదా పోతుంది. సీటు, ఉద్యోగం సంగతి అటుంచండి, కులం పేరుతో కొడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కూడా వర్తించదు. 2025లో ఉమ్మడి గుంటూరు జిల్లాకి చెందిన ఒక పాస్టరు కేసులో మన హైకోర్టు చెప్పింది ఇదే. కారంచేడులాంటి ఘోరాల తర్వాతే కదా 1989లో ఆ చట్టం వచ్చింది! ఆ కారంచేడు పల్లెలో చాలామంది చర్చికి వెళ్ళేవాళ్ళే. కొట్టడానికొచ్చిన వాళ్ళెవరూ "నువ్వే మతం" అని అడిగి కొట్టలేదు. ప్రార్థన మార్చుకున్నా చెరువు దగ్గర కులం మారలేదు.

వాదన ఏంటంటే, ఇస్లాంలో, క్రైస్తవంలో కులం లేదు కదా, ఇక కుల రక్షణ ఎందుకూ అని. చూశారా తమాషా! ఇస్లాంలో సమానత్వం అంతా బూటకమని పొద్దున ఫార్వర్డు పంపినాయనే, ఎస్సీ హోదా మాట రాగానే సాయంత్రం "వాళ్ళలో కులమే లేదుగా" అంటాడు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి మాస్టారూ. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తీసెయ్యమంది. 2022లో దీనిమీదే బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల కోసం తీర్మానం చేసింది, దళిత ముస్లింల ఊసు అందులో లేదు. ఉన్న కోటాలో వాటా తగ్గుతుందని భయపడే దళితులున్నారు, ఆ భయం న్యాయమైనదే. దానికి కోటా పెంచడం గురించి మాట్లాడొచ్చు. కానీ కనీసం అత్యాచారాల చట్టం రక్షణకి ఏ కోటా ఖర్చవుతుంది? దెబ్బ తిన్నవాడి మతం చూసి చట్టం పనిచెయ్యడం ఏం న్యాయం?

"మరి నువ్వు ఇస్లాంలోకి మారతావా?" అని అడుగుతారని తెలుసు. లేదండీ. నాకు దేవుడి విషయంలోనే చాలా అనుమానాలున్నాయి. ఒక మతాన్ని తెలుసుకోవడానికి అందులో చేరక్కర్లేదు, దానిమీద ద్వేషం పెంచుకోవడానికి మాత్రం తెలుసుకోకుండా ఉండాలి.

మనకి మన పరీక్ష ఉంది. కారంచేడు 1985లో జరిగింది, మనం గేటెడ్ కమ్యూనిటీల్లో ఉన్నాం, మనకేంటి సంబంధం అనుకోకండి. ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు "వెజిటేరియన్స్ ఓన్లీ" అని రాసి ఎవరిని వడకడుతున్నామో మనకి తెలీదా? ఇంటిపేరు అడిగి, సరిపోకపోతే "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అనేది మన తోటి ఇంజినీర్లు కాదా? పనమ్మాయికి వేరే గ్లాసు, డ్రైవరుకి వేరే లిఫ్టు పెట్టింది ఎవరు? చెరువు పోయి ఆర్వో ప్లాంటు వచ్చింది, అంతే తేడా.

కాబట్టి ఈసారి ఇస్లాం మీద వాదించాలనిపిస్తే శుభ్రంగా వాదించండి. విధి మీద వాదించండి, చివరి ప్రవక్త అనే భావన మీద, ఆడవాళ్ళ హక్కుల మీద, సౌదీ రాజుల మీద వాదించండి. ముందు ఆ అయిదూ నేర్చుకుని వాదించండి. వరస సంగతొచ్చినప్పుడు మాత్రం, మన గుడిలో, మన పెళ్ళి పంక్తిలో, మన అపార్టుమెంటులో పక్కన ఎవరున్నారో ఒకసారి చూసుకుని నోరు తెరవండి.

తా.క.: మర్నాడు భోజనాల దగ్గర అయిదూ బోర్డు మీద రాసి చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. మూడోది హలీం కాదని తేలినందుకు ఒకాయన మాత్రం బాగా నిరాశపడ్డాడు.